నేను ఎదురొస్తే బేరం జరగదంటున్నారు

బరంపురం నుంచి ఒక సోదరి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఆమె పుట్టిల్లు సోంపేట దగ్గర ఉద్దానం పల్లె. బీఎస్సీ మ్యాథ్స్ చదివి బీఈడీ చేశారు. 2018లో టెట్ పాసై, అదే ఏడాది మే నెలలో బరంపురంలో పట్టుచీరల కొట్టు ఉన్న ఇంటికి కోడలిగా వచ్చారు. అయిదు నెలలు తిరిగేసరికి తిత్లీ తుపాను పుట్టింటి కొబ్బరితోటను నేలమట్టం చేసింది. అల్లుడి కొట్టుకు పెట్టుబడి సర్దుతానన్న తండ్రి మాట అక్కడితో ఆగిపోయింది. 2020లో పెళ్లిళ్ల కాలం బేరమంతా లాక్‌డౌన్‌లో పోయింది. 2021 మేలో మావయ్యగారు కరోనాతో చనిపోయారు. 2023లో అరువు మీద మూడు లక్షల సరుకు తీసుకున్న వ్యాపారి ఒకరు రాత్రికి రాత్రి కొట్టు మూసి వెళ్లిపోయారు.

ఇవన్నీ కోడలి అడుగు వల్లే జరిగాయని అత్తయ్యగారు తేల్చేశారు. పొద్దున తొమ్మిదింటికి కొడుకు కొట్టు తాళాలు తీసుకుని బయల్దేరే వేళకు ఈమె వంటింట్లోకి వెళ్లిపోవాలి. ఎదురు రాకూడదు. భర్త మంచివారే కానీ ఈ విషయంలో నోరు విప్పరు. "పోయిన నెల మా ఆరేళ్ల పాప, 'నాన్నా, ఆగు, అమ్మ లోపలికి వెళ్లాక వెళ్దువుగాని' అంది. ఆ రోజు నుంచి నాకు సరిగ్గా నిద్ర పట్టడం లేదు" అని రాశారు.

ఆమె అడిగినవి రెండు. మొదటిది: "నిజంగానే నాది దురదృష్ట జాతకమా? ఆలోచన మార్చుకుంటే అదృష్టం మారుతుందని వీడియోల్లో చూసి, రోజూ పొద్దున్నే నోటుబుక్కులో 'నేను అదృష్టవంతురాలిని' అని 21 సార్లు రాస్తున్నాను. మూడు నెలలైనా ఏమీ మారలేదు. నా రాతలో లోపమా, నాలోనే లోపమా?" రెండోది: నీలం ఉంగరం పెట్టుకుంటే దోషం పోతుందని జ్యోతిష్కుడు చెప్పారట. దాని ధర 35 వేలు. కొనాలా, వద్దా?

అమ్మా,

మీ మీద మోపిన నేరాలను ముందు ఒక్కొక్కటిగా చూద్దాం. తిత్లీ 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో లక్షల కొబ్బరిచెట్లు కూలాయి, జీడితోటలు ఊడ్చుకుపోయాయి. ఆ ఏడాది అక్కడి నుంచి అత్తవారింటికి వెళ్లిన ఆడపిల్లలందరి పాదాలూ మంచివి కావనుకోవాలా? ఇక కరోనా. దాన్ని కూడా బరంపురంలో ఒక ఇంటి గడప దాటిన కోడలి ఖాతాలో వేస్తే, ప్రపంచం మీకు చాలా పెద్ద పదవి ఇచ్చినట్లే. మిగిలింది మూడు లక్షల అరువు. రాతకోతలు లేకుండా సరుకు ఇచ్చిన నిర్ణయం అది. కొట్టులో తీసుకున్న ఆ నిర్ణయానికీ వంటింట్లో ఉన్న మీకూ సంబంధం లేదు.

ఈ వాదన అత్తయ్యగారి ముందు పెట్టి గెలవమని మాత్రం చెప్పడం లేదు. శకునం వాదనతో పోదు, ఎందుకంటే దాని బలమంతా గుర్తుపెట్టుకునే తీరులో ఉంది. మీరు ఎదురుపడిన రోజు బేరం పడిపోతే అది ఇంట్లో పదేళ్లు చెప్పుకునే కథ అవుతుంది. మీరు ఎదురుపడిన రోజే పెళ్లివారు వచ్చి పది చీరలు కొనుక్కుని వెళితే, ఆ పొద్దున ఎవరు ఎదురొచ్చారో ఎవరూ తలచుకోరు. "అయితే ఒక నెల రోజూ ఎదురొస్తాను, అమ్మకాలు రాసిపెడదాం" అని మీకు తోచవచ్చు. లెక్కల మనిషి కదా. నా సలహా వద్దనే. చీరల కొట్టులో ఆషాఢం ఒకలా, శ్రావణం మరొకలా ఉంటుంది. ఒక చెడ్డ వారం తగిలితే దాన్నే సాక్ష్యంగా చూపిస్తారు. పైగా పరీక్షకు ఒప్పుకున్నారంటే, మీ పాదం మీద విచారణ జరపడం న్యాయమేనని మీరే ఒప్పుకున్నట్లు.

అత్తయ్యగారి గురించి మీరు రాసిన ఒక వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను. "మావయ్యగారు పోయాక ఆవిడ పేరంటాలకు వెళ్లడం మానేశారు, పెళ్లిళ్లలో కూడా వెనకెక్కడో కూర్చుంటారు" అన్నారు. అలా వెనక కూర్చోమని ఆవిడకు చెప్పిందెవరు? మిమ్మల్ని వంటింట్లోకి పంపే నమ్మకమే ఆవిడను వెనక వరుసకు పంపింది. భర్త పోయిన ఆడమనిషి ఎదురొస్తే శుభం కాదనే వాళ్లు మన మధ్య ఇంకా ఎందరో ఉన్నారు. భర్త మరణానికి భార్య నొసటి రాతే కారణమని చాటుగా అనేవాళ్లూ ఉన్నారు. ఆ మాట తన మీద పడకుండా ఉండాలంటే, ఆ చావుకు మరొకరెవరో కారణం కావాలి. ఇంట్లో అందుకు దొరికింది మీరు. ఆవిడ తెలిసి చేశారని అనను, చేసింది సరైనదని అసలే అనను. కానీ మీ ఇద్దరిలో ఎవరు ముందు ఈ నమ్మకం నుంచి బయటపడినా రెండోవారికి కూడా దారి దొరుకుతుంది. ఇంట్లో ఏదైనా శుభకార్యం వచ్చినప్పుడు మీ చేతులతో ఆవిడను ముందుకు పిలిచి, పాపకు మొదటి అక్షింతలు ఆవిడ చేత వేయించి చూడండి. ఆవిడ కరగవచ్చు, కసురుకోవచ్చు కూడా. నష్టపోయేదేమీ లేదు కాబట్టి చెబుతున్నాను.

మీరున్న ఊరి సంగతి కూడా ఆవిడకు తెలియనిది కాదు. రెండేళ్లకు ఒకసారి ఠాకురాణి యాత్ర వస్తే, బూఢీ ఠాకురాణి అమ్మవారు పుట్టింటికి వచ్చిందంటూ దేశీబెహరా వీధిలో ఆవిడను కూతురిలా నిలుపుకుని నెల రోజులు ఊరంతా ఆమె చుట్టూ తిరుగుతుంది. ఆ యాత్రకు పెద్దదిక్కు తెలుగు మాట్లాడే నేతపనివారి కుటుంబమే. ఆడపిల్ల అడుగు పెడితే ఊరికి మంచిదని నమ్మే చోట మీ అడుగు ఒక్కటే చెడ్డదెలా అయిందని మీ వారు ఒకసారి తన తల్లిని అడగవచ్చు. మీరు కాదు, ఆయన అడగాలి.

ఆయన మౌనం గురించి మీరు మృదువుగా రాశారు. నేను కొంచెం కటువుగా రాస్తాను. రోజూ తొమ్మిదింటికి ఆయన ఆ గడప దాటుతున్నారు. మీరు లోపలికి వెళ్లేదాకా ఆగి మరీ దాటుతున్నారు. అది తటస్థత కాదు. గొడవ పడకుండా ఆయన చేయగలిగిన పని ఒకటుంది. తాళాలు తీసుకునేటప్పుడు "పాపా, అమ్మను పిలువు, వెళ్లొస్తానని చెప్పాలి" అనడం. అంతే. అమ్మగారితో చర్చ అక్కర్లేదు. మొదటి వారం ఇల్లు ఉక్కగానే ఉంటుంది. ఆ వారంలో కొట్టులో ఏ చిన్న నష్టం వచ్చినా మాట మీ మీదకు వస్తుందని ముందే తెలుసుకుని ఆయన నిలబడాలి. మధ్యలో వెనక్కి తగ్గితే ఇప్పటికన్నా అధ్వానమవుతుంది కాబట్టి, నిలబడగలనని ఆయన మీకు మాట ఇచ్చాకే మొదలుపెట్టండి. ఆయన ఇవ్వలేకపోతే, కనీసం పాప ముందు ఈ తంతు జరగకుండా చూడమనండి. పాపను బడికి పంపే వేళ, ఆయన బయల్దేరే వేళ వేరుచేయడం మీ చేతిలో పనే. ఆ పిల్ల అన్న మాటలో దురుద్దేశం లేదు. ఇంటి పద్ధతి అదే అనుకుంది. ఆమెను విడిగా కూర్చోబెట్టి "అది నానమ్మ నమ్మకం, నిజం కాదు, నాన్నకూ నాకూ అలా అనిపించదు" అని ఒక్కసారి తేలికగా చెప్పండి. ఏడుస్తూ మాత్రం చెప్పవద్దు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. ఆలోచన మార్చుకుంటే అదృష్టం మారుతుందా?

కొంత మారుతుంది. నోటుబుక్కులో 21 సార్లు రాస్తే మాత్రం కాదు. జర్మనీకి చెందిన గాబ్రియేలె ఎట్టింగెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చదువు పూర్తిచేసి ఉద్యోగాలు వెతుక్కుంటున్న యువకుల్ని పరిశీలించారు. మంచి ఉద్యోగం వచ్చేసినట్లు తీయగా ఊహించుకోవడంలో ఎక్కువ మునిగినవారు, రెండేళ్ల తర్వాత చూస్తే, తక్కువ దరఖాస్తులు పంపారు, తక్కువ ఉద్యోగాలు వచ్చాయి, జీతాలూ తక్కువే. దొరుకుతుందని నమ్మకంగా ఎదురుచూసినవారు మాత్రం ముందున్నారు. ఊహ, నమ్మకం ఒకటి కాదన్నమాట. ఫలితం వచ్చేసినట్లు మనసు తృప్తిపడితే కాళ్లు కదలవు. మీ రాతలో లోపం లేదు, మీలోనూ లేదు. ఆ వీడియో చెప్పిన పద్ధతిలోనే పస లేదు.

ఇంగ్లండ్‌లో హెర్ట్‌ఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ వైజ్‌మన్ చేసిన ప్రయోగం ఒకటి ఉంది. తాము అదృష్టవంతులమనుకునేవారికీ, దురదృష్టవంతులమనుకునేవారికీ ఒకే వార్తాపత్రిక ఇచ్చి అందులో ఎన్ని ఫోటోలు ఉన్నాయో లెక్కపెట్టమన్నారు. దురదృష్టవంతులమనుకున్నవారికి రెండు నిమిషాల దాకా పట్టింది. అదృష్టవంతులమనుకున్నవారు క్షణాల్లో చెప్పేశారు. కారణం, రెండో పేజీలో పెద్ద అక్షరాలతో "లెక్కపెట్టడం ఆపండి, ఇందులో 43 ఫోటోలు ఉన్నాయి" అని అచ్చయి ఉంది. ఆందోళనతో ఫోటోలు తప్ప మరేమీ చూడనివారికి అది కనబడలేదు. ఇలాంటి ఒక్క ప్రయోగంతో జీవితమంతా వివరించేసే వక్తలంటే నాకు చిరాకు. పేదరికాన్నీ తుపానునూ ఏ చూపూ మార్చదు. కానీ మీ ఉత్తరం రెండోసారి చదువుతుంటే ఆ రెండో పేజీ గుర్తొచ్చింది. ఎందుకో చెబుతాను.

నాలుగో పేజీలో మీరు దారిన పోతూ అన్నట్లు రాశారు: "పెళ్లయి ఒడిశా వచ్చేశాను కాబట్టి ఆంధ్రాలో స్థానికత పోయింది, టెట్ గడువు కూడా తీరిపోయి ఉంటుంది, అందుకే డీఎస్సీ ఊసే ఎత్తలేదు." అమ్మా, ఈ రెండూ నిజం కాదు. చదువుకున్నవారి విషయంలో ఆంధ్రప్రదేశ్‌లో స్థానికతను ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి చూస్తారు, ఎవరిని పెళ్లి చేసుకున్నారన్నదాన్ని బట్టి కాదు. మీ బడి చదువంతా శ్రీకాకుళం జిల్లాలోనే అని మీరే రాశారు. టెట్ అర్హత మొదట్లో ఏడేళ్లు ఉండేది. 2021లో కేంద్ర ప్రభుత్వం దాన్ని జీవితకాలానికి పెంచింది, 2011 నుంచి పాసైనవారికీ వర్తించేలా. 2025లో 16,347 ఉపాధ్యాయ పోస్టులకు మెగా డీఎస్సీ జరిగింది. మీరు ఫారం కూడా నింపలేదు. మీ జాతకంలో లేక కాదు, మీకు చెప్పేవారు లేక.

చెప్పేవారు ఎందుకు లేరు? ఆ సంగతీ మీ ఉత్తరంలోనే ఉంది. "బీఈడీ స్నేహితుల వాట్సాప్ గ్రూపులో అందరూ ఉద్యోగాలు, ఇళ్లు, ఫోటోలు పెడుతుంటే చూడలేక బయటికి వచ్చేశాను." అలా రావడం నాకు అర్థమవుతుంది. దాని ఖరీదు కూడా చూడండి. ఇప్పుడు మీరు మాట్లాడేది అమ్మతో, చెల్లెలితో, మీ వారితో. ప్రేమగలవారే, కానీ మీకు తెలిసినదే వాళ్లకూ తెలుసు. కొత్త కబురు ఎప్పుడూ అరకొర పరిచయస్తుల నుంచి వస్తుంది. మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1973లోనే ఈ మాట చెప్పారు. 2022లో లింక్డ్‌ఇన్‌లో 2 కోట్ల మందికి పైగా వాడుకరులపై అయిదేళ్ల పాటు సాగిన ప్రయోగాల ఫలితాలు వెలువడ్డాయి. ఉద్యోగం మారడానికి దగ్గరి స్నేహితుల కంటే, కొంచెం దూరపు పరిచయాలే ఎక్కువ పనికొచ్చాయని తేలింది. దురదృష్టవంతురాలిననే నమ్మకం మీకు చేసిన అసలు నష్టం ఇక్కడే జరిగింది. అది మనుషుల్ని తగ్గించింది, దాంతో కబుర్లు తగ్గాయి, దాంతో అవకాశాలు తగ్గాయి.

కాబట్టి ఆ నోటుబుక్కును ఉంచుకోండి, రాసే విషయం మార్చండి. రోజుకు ఒక గీత చాలు. ఇవాళ కొత్తగా ఎవరితో మాట్లాడాను, ఏం అడిగాను, ఏం తెలిసింది. పాప బడి దగ్గర ఎదురుచూసే తల్లులు, కొట్టుకు చీరలు తెచ్చే నేతపనివారు, పైవాటా ఒడియా కుటుంబం, అందరూ లెక్కలోకి వస్తారు. లెక్కల టీచరు కాబట్టి ఇది మీకే బాగా తెలుస్తుంది. ఒక్కో ప్రయత్నం ఫలించే అవకాశం నూటికి అయిదే అనుకోండి. ఒకటి చేసి ఊరుకుంటే 95 వంతులు నిరాశే. ఒకదానితో ఒకటి సంబంధం లేని ప్రయత్నాలు ఇరవై చేస్తే, ఒక్కటైనా ఫలించే అవకాశం నూటికి 64కు చేరుతుంది. జాతకం అదే, పాదం అదే.

ఇక ఏ దారి ఎంచుకోవాలన్నది. నాకు మూడు కనిపిస్తున్నాయి, మూడింటికీ ఖరీదు ఉంది.

డీఎస్సీకి సిద్ధం కావడం ఒకటి. తర్వాతి నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో దాని మీద మీకు అదుపు ఉండదు. ఉద్యోగం వస్తే ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి వైపు పడవచ్చు, రోజూ రైల్లోనో బస్సులోనో వెళ్లి రావచ్చు. జిల్లా అవతలి కొసన పడితే పాపను తీసుకుని పుట్టింటి దగ్గర ఉండాల్సి వస్తుంది. అప్పుడు "ఇల్లు విడదీసింది" అన్న కొత్త మాట పుడుతుంది, దానికి సిద్ధపడాలి. రాకపోతే ఏడాది చదువు వృథా అనిపిస్తుంది. కానీ ఆ చదువు రెండో దారికి పనికొస్తుంది.

రెండో దారి ఇంట్లోనే ట్యూషన్లు. బరంపురంలో తెలుగు కుటుంబాలకు తక్కువ లేదు. ఎనిమిది నుంచి పది దాకా లెక్కలు చెప్పగలిగిన, పిల్లలతో తెలుగులోనే మాట్లాడగలిగిన టీచరు దొరికితే వదులుకోరు. వెంటనే మొదలుపెట్టవచ్చు. సంపాదన మొదట్లో తక్కువ. అయితే రోజూ సాయంత్రం నలుగురు పిల్లలు, వాళ్ల తల్లులు మీ గడప తొక్కుతారు, మీ పేరు నాలుగు వీధులకు తెలుస్తుంది. మీ ఆర్థిక పరిస్థితి చూస్తే నాకు ముందుగా ఇదే తోస్తుంది. కానీ ఇంటి గది ఎంత వెడల్పో, సాయంత్రాలు మీకు ఎంత ఖాళీయో నాకన్నా మీకే తెలుసు.

మూడోది కొట్టు. ఒడియా రాదని మీరు అక్కడ కూర్చోవడం లేదన్నారు. ఏడేళ్లు దాటినా రాలేదంటే, ఇల్లు దాటలేదని అర్థం. బరంపురం 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊరు. రెండు భాషల్లో బేరమాడడం అక్కడి దుకాణదారులకు పుట్టుకతో వస్తుంది. మీకు కష్టపడితే వస్తుంది. పాప ఒకటో తరగతి ఒడియా వాచకం ఇంట్లోనే ఉంది, ఇద్దరూ కలిసి చదవండి. సంస్కృతం నుంచి వచ్చిన మాటలు రెండు భాషల్లోనూ బోలెడు కాబట్టి అనుకున్నంత కొత్తగా ఉండదు. ఒడియా వస్తే కుంభం అంచు చీరల గురించి, మగవారు కట్టే జోడుల గురించి ఆడవారికి మీరు చెప్పినట్లు మీ వారు చెప్పలేరు. ముందుముందు ఒడిశాలో ప్రభుత్వ ఉద్యోగం ఆలోచించాలన్నా ఒడియా లేనిదే కుదరదు. ఈ దారిలో ప్రమాదం మాత్రం ఎక్కువ. మీరు కూర్చున్న నెలలో బేరం తగ్గితే నేరుగా మీ మీదకే వస్తుంది. ఇంట్లో తొమ్మిది గంటల సంగతి తేలకుండా కొట్టులో అడుగు పెట్టవద్దని నా ఉద్దేశం. ఒడియా నేర్చుకోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఏ దారైనా, ఈ వారంలో చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. చదివిన బడి నుంచి స్టడీ సర్టిఫికెట్లు, టెట్ మార్కుల పత్రం తెచ్చి దగ్గర పెట్టుకోవడం. పాత గ్రూపులో ఒకరికి ఫోను చేసి మళ్లీ చేర్చమనడం. ఫోటోలు బాధపెడితే చూడకండి, కబుర్లు మాత్రం చదవండి.

నిద్ర విషయం తేలికగా తీసుకోవద్దు. రాత్రి మూడింటికి మెలకువ వచ్చి ఏడుపు వస్తోందని, ఇది నెల నుంచి సాగుతోందని రాశారు. టెలీమానస్ 14416కు ఫోను చేయండి. కేంద్ర ప్రభుత్వం ఉచితంగా నడిపే మానసిక ఆరోగ్య సేవ. తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. వాళ్లు వైద్యుణ్ని కలవమంటే కలవండి, ఎంకేసీజీ వైద్య కళాశాల మీ ఊళ్లోనే ఉంది.

ఉంగరం గురించి. 2010లో జర్మనీలో జరిగిన ఒక పరిశోధనలో, ఇది అదృష్టపు బంతి అని చెప్పి ఇస్తే విద్యార్థులు గోల్ఫ్ బంతిని గుంతలో వేయడంలో మెరుగ్గా ఆడారని వచ్చింది. తాయెత్తులు అమ్మేవాళ్లకు అది పండగే. తర్వాత మరికొందరు ఇంకా ఎక్కువ మందితో అదే ప్రయోగం చేస్తే ఆ ప్రభావం కనబడలేదు. ఆ 35 వేలు మీ ఇంటికి చిన్న మొత్తం కాదు. అయినా కాదంటే గొడవ పెద్దదవుతుందని మీకు భయం ఉంది కాబట్టి, నేరుగా వద్దనకండి. ఏడాది పెట్టుకుని చూశాక కొట్టు బేరం పెరగకపోతే ఉంగరం వెనక్కి తీసుకుని పూర్తి డబ్బు ఇస్తానని కాగితం మీద రాసివ్వమని ఆ జ్యోతిష్కుణ్ని అడగండి. ఆయన ఏం చెప్పినా అత్తయ్యగారి ఎదుటే చెప్పించండి.